పోస్ట్‌గ్రెస్ 16కి జాబిక్స్ ఏజెంట్ 2 ప్లగిన్: ఐటమ్‌లన్నీ ఎర్రగా, రాత్రయితే లాగ్ అలర్ట్‌లు

బెళ్లందూరు_బ్యాకెండ్ | సోమవారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. సెటప్ ఇదీ. డేటాబేస్ ప్రైమరీ (రాతలు పడే ప్రధాన సర్వర్) బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, స్టాండ్‌బై (దాని నకలు) చెన్నై అంబత్తూరులో. రెండూ పోస్ట్‌గ్రెస్ 16, ఉబుంటు 22.04, ఒక్కోదానికి 64 జీబీ ర్యామ్. ఎసింక్ స్ట్రీమింగ్ రెప్లికేషన్ (మార్పులు స్టాండ్‌బైకి వెళ్తూనే ఉంటాయి, ప్రైమరీ దాని కోసం ఆగదు), ఒక ఫిజికల్ స్లాట్. అప్లికేషన్లన్నీ పీజీబౌన్సర్ (కొద్ది కనెక్షన్లని అందరికీ పంచే పూలర్) మీదుగా 6432 పోర్టులో వస్తాయి. మ్యాక్స్_కనెక్షన్స్ 200. మానిటరింగ్‌కి జాబిక్స్ సర్వర్ 7.0.

రెండు మెషీన్లలోనూ కొలతలు పంపే ఏజెంట్ 2 పెట్టి, పోస్ట్‌గ్రెస్ టెంప్లేట్ (ఏమేం కొలవాలో ముందే రాసి ఉన్న జాబితా) తగిలించాం. మూడు చిక్కులు ఉన్నాయి.

ఒకటి, ప్రైమరీలో ప్రతి ఐటమ్ (ఒక్కో కొలత) దగ్గరా "అన్‌సపోర్టెడ్ ఐటమ్ కీ" అని వస్తోంది. రెండు, స్టాండ్‌బైలో లాగ్ (అది ప్రైమరీకన్నా ఎంత వెనకబడిందో) కొలవడానికి వేరే కస్టమ్ క్వెరీ ఉంది: ఇప్పటి సమయంలోంచి పీజీ_లాస్ట్_ఎక్స్‌యాక్ట్_రీప్లే_టైమ్‌స్టాంప్ తీసేయడమే. పగలు 1, 2 సెకన్లు చూపిస్తుంది. రాత్రి 11 దాటాక 600, 900, 2000 అంటూ ఎక్కుతూ పోతుంది, పొద్దున్నే దానంతటదే సున్నాకి వస్తుంది. మూడు, టెస్ట్ మెషీన్‌ని పోస్ట్‌గ్రెస్ 17కి మార్చాక చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులని డిస్క్‌కి దించే పని) ఐటమ్‌లు పోయాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

హెబ్బాళ_డీబీఏ | సోమవారం ఉదయం 10:58

తమ్ముడూ, మొదటిది ఎర్రర్ మాటల్లోనే తేలిపోతుంది. "అన్‌సపోర్టెడ్ ఐటమ్ కీ" అనేది పాత ఏజెంట్ చెప్పే మాట. ఏజెంట్ 2కి ఆ కీ తెలియకపోతే "అన్‌నోన్ మెట్రిక్" అంటుంది. అంటే నీ ప్రైమరీలో 10050 పోర్టు మీద ఇంకా పాత ఏజెంటే కూర్చుని ఉంది. ఏజెంట్ 2 లేవబోయి, పోర్టు ఖాళీ లేక పడిపోయి ఉంటుంది. ఎస్‌ఎస్ కమాండ్‌తో 10050 మీద ఎవరు వింటున్నారో చూడు. పాతదాన్ని ఆపి, డిజేబుల్ చేసి, ఏజెంట్ 2ని మళ్లీ లేపు. డిజేబుల్ మరిచిపోతే తర్వాతి రీబూట్‌కి ఇదే కథ మళ్లీ మొదటికొస్తుంది.

అది సరిచేశాక "అన్‌నోన్ మెట్రిక్" వస్తే కంగారు పడకు, అది ఒక మెట్టు ముందుకెళ్లినట్టు. పోస్ట్‌గ్రెస్ ప్లగిన్ ఇప్పుడు ఏజెంట్ 2 లోపల లేదు, వేరే ప్యాకేజీ. పేరు జాబిక్స్-ఏజెంట్2-ప్లగిన్-పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. పాత గైడ్‌లు చూసి పెట్టేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఏజెంట్, ప్లగిన్ రెండూ జాబిక్స్ వాళ్ల ఒకే రిపాజిటరీ నుంచి తీసుకో. ఒకటి ఉబుంటు రిపాజిటరీ నుంచి, ఇంకొకటి వాళ్ల దగ్గర్నుంచి తెచ్చి కలపొద్దు.

యూజర్‌ని ప్రైమరీలో మాత్రమే సృష్టించాలి. స్టాండ్‌బై రీడ్-ఓన్లీ, యూజర్ రెప్లికేషన్‌లో అదే వచ్చేస్తుంది. పాస్‌వర్డ్‌ని క్రియేట్ యూజర్ వాక్యంలో రాయకు. లాగ్_స్టేట్‌మెంట్ డీడీఎల్ అని పెట్టి ఉంటే అది ఉన్నదున్నట్టు లాగ్ ఫైల్లోకి వెళ్తుంది. ముందు పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ హక్కుతో జడ్‌బీఎక్స్_మానిటర్ అనే రోల్ సృష్టించి, తర్వాత పీఎస్‌క్యూఎల్‌లో \పాస్‌వర్డ్ కమాండ్‌తో ఇవ్వు. అది నీ వైపే హాష్ చేసి పంపుతుంది.

ఆ తర్వాత ఇవ్వాల్సిన హక్కు ఒక్కటే: గ్రాంట్ పీజీ_మానిటర్. ఈ రోల్ పోస్ట్‌గ్రెస్ 10 నుంచీ ఉంది. సూపర్‌యూజర్ ఇవ్వనే ఇవ్వకు. పీజీ_మానిటర్ మరిచిపోతే ఎర్రర్ కూడా రాదు, అదే ప్రమాదం. పీజీ_స్టాట్_రెప్లికేషన్‌లో పంక్తి కనిపిస్తుంది, లోపలి కాలమ్‌లు మాత్రం నల్‌గా ఉంటాయి. పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌లో క్వెరీ ఉండాల్సిన చోట "ఇన్‌సఫిషియెంట్ ప్రివిలేజ్" అని ఉంటుంది. గ్రాఫ్ గీస్తూనే ఉంటుంది, దాంట్లో సరుకుండదు.

పీజీ_హెచ్‌బీఏ ఫైల్ (ఎవరు ఎక్కడినుంచి లాగిన్ కావచ్చో చెప్పేది) మాత్రం రెప్లికేట్ కాదు. ఉబుంటులో అది ఈటీసీ కింద ఉంటుంది, డేటా డైరెక్టరీలో కాదు. రెండు మెషీన్లలోనూ చేత్తో రాయాలి. పంక్తి ఇలా: హోస్ట్, డేటాబేస్ ఆల్, యూజర్ జడ్‌బీఎక్స్_మానిటర్, చిరునామా 127.0.0.1/32, పద్ధతి స్క్రామ్-ఎస్‌హెచ్‌ఏ-256. డేటాబేస్ దగ్గర ఆల్ ఎందుకంటే టెంప్లేట్ ప్రతి డేటాబేస్‌లోకీ వెళ్లి సైజు, బ్లోట్ (టేబుళ్లలో పేరుకున్న వృథా చోటు) చూస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఈ ఫైల్‌ని పైనుంచి చదువుతూ మొదట కుదిరిన పంక్తి దగ్గరే ఆగిపోతుంది. పైన ఎక్కడో రిజెక్ట్ పంక్తి ఉంటే కింద నువ్వు ఎంత రాసినా వృథా. రాశాక పీజీ_రీలోడ్_కాన్ఫ్ చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. తప్పు రాశావేమోనని అనుమానం ఉంటే పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్ వ్యూలో ఎర్రర్ కాలమ్ చూడు.

హెబ్బాళ_డీబీఏ | సోమవారం ఉదయం 11:20

పైదాంట్లో రాయనిది ఒకటుంది, పాస్‌వర్డ్ ఎక్కడ దాచాలన్నది. టెంప్లేట్ మాక్రోలో (టెంప్లేట్‌లో విలువ రాసుకునే చోటు) పెట్టొచ్చు కానీ సెషన్ పద్ధతి మేలు. ఏజెంట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ప్లగిన్స్.డి లోపల పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్ ఉంటుంది. అందులో ప్లగిన్స్.పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.సెషన్స్ తర్వాత నీకు నచ్చిన పేరు పెట్టి, దానికి యూఆర్ఐ, యూజర్, పాస్‌వర్డ్ మూడు పంక్తులు రాయి. టెంప్లేట్‌లో కనెక్షన్ స్ట్రింగ్ మాక్రో దగ్గర ఆ సెషన్ పేరు ఇవ్వు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. టెంప్లేట్‌లో యూజర్, పాస్‌వర్డ్ మాక్రోలకి ముందే విలువలుంటాయి. సెషన్ పేరుతో పాటు అవి కూడా వెళ్తే ప్లగిన్ ఒప్పుకోదు. హోస్ట్ స్థాయిలో ఆ రెండు మాక్రోలనీ ఖాళీగా ఓవర్‌రైడ్ చెయ్యి.

ఫైల్ ఓనర్ రూట్, గ్రూప్ జాబిక్స్, పర్మిషన్ 640. టెస్ట్ చేసేటప్పుడు రూట్‌గా చెయ్యకు. రూట్‌కి ఏ ఫైలైనా తెరుచుకుంటుంది, సర్వీస్ నడిచేది జాబిక్స్ యూజర్‌గా. సుడో -యు జాబిక్స్ అని, జాబిక్స్_ఏజెంట్2కి -టి ఇచ్చి ఆ సెషన్ పేరుతో పీజీఎస్‌క్యూఎల్.పింగ్ కీ అడుగు. 1 వస్తే దారి తెరుచుకున్నట్టే.

బెళ్లందూరు_బ్యాకెండ్ | సోమవారం మధ్యాహ్నం 12:41

ధన్యవాదాలు అన్నా. పాత ఏజెంటే 10050లో ఉంది, తీసేశాను. ప్లగిన్ ప్యాకేజీ కూడా లేదు, పెట్టాను. స్టాండ్‌బైలో పింగ్ 1 వస్తోంది. ప్రైమరీలో 0. పోస్ట్‌గ్రెస్ లాగ్ ఫైల్లో "నో పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఎంట్రీ ఫర్ హోస్ట్ ::1" అని ఉంది. 127.0.0.1 పంక్తి మాత్రం రాసే ఉంది.

కోరమంగళ_లినక్స్ | సోమవారం మధ్యాహ్నం 12:55

యూఆర్ఐలో లోకల్‌హోస్ట్ అని రాసి ఉంటారు. ఆ మెషీన్‌లో ఆ పేరు ముందు ఐపీవీ6 చిరునామాకి వెళ్తోంది, హెచ్‌బీఏలో దానికి పంక్తి లేదు. యూఆర్ఐలో పేరు తీసేసి టీసీపీ://127.0.0.1:5432 అని అంకెల్లోనే రాయండి. కావాలంటే ::1/128కి కూడా ఒక పంక్తి వేసుకోవచ్చు, కానీ ఒకటే దారి ఉంటే వెతుక్కోవడం తేలిక.

యూనిక్స్ సాకెట్ మీద వెళ్దామని చూడకండి. ఉబుంటులో లోకల్ పంక్తులకి పద్ధతి పీర్ అని ఉంటుంది. ఓఎస్ యూజర్ జాబిక్స్, డేటాబేస్ యూజర్ జడ్‌బీఎక్స్_మానిటర్. పేర్లు కలవవు కాబట్టి లోపలికి రానివ్వదు. పీజీ_ఐడెంట్‌లో మ్యాపింగ్ రాస్తే కుదురుతుంది, ఆ శ్రమ ఇక్కడ అనవసరం.

ఇంకొకటి. పీజీబౌన్సర్ 6432కి ప్లగిన్‌ని చూపించకండి. అలా చేస్తే కొలిచేది పూల్‌ని, డేటాబేస్‌ని కాదు. పూల్ నిండి క్యూ కట్టినప్పుడు ప్లగిన్ కూడా ఆ క్యూలోనే నిలబడుతుంది. డేటాబేస్ బాగానే ఉన్నా పడిపోయిందని చెబుతుంది. ప్లగిన్ నేరుగా 5432కే వెళ్లాలి.

మల్లేశ్వరం_డేటా | సోమవారం మధ్యాహ్నం 2:30

రెండో చిక్కు గురించి. ఆ క్వెరీ కొలుస్తున్నది లాగ్ కాదు. పీజీ_లాస్ట్_ఎక్స్‌యాక్ట్_రీప్లే_టైమ్‌స్టాంప్ ఇచ్చేది స్టాండ్‌బై చివరగా రీప్లే చేసిన (తనలోకి ఎక్కించుకున్న) ట్రాన్సాక్షన్ ప్రైమరీలో ఎప్పుడు కమిట్ అయిందన్న సమయం. రాత్రి 11 తర్వాత ప్రైమరీలో రాతలే లేకపోతే ఆ సమయం అక్కడే ఆగిపోతుంది, గడియారం ముందుకి పోతూనే ఉంటుంది. రెండిటి తేడా పెరుగుతుంది. స్టాండ్‌బై నిజానికి ఒక్క బైట్ కూడా వెనకబడి ఉండదు. పొద్దున్నే మొదటి ఆర్డర్ పడగానే సున్నాకి రావడం అందుకే.

చాలామంది దీనికి రాసే మందు ఒకటుంది: అందుకున్న ఎల్‌ఎస్‌ఎన్ (వాల్‌లో, అంటే పోస్ట్‌గ్రెస్ మార్పుల చిట్టాలో, ఎక్కడున్నామో చెప్పే గుర్తు), రీప్లే చేసిన ఎల్‌ఎస్‌ఎన్ సమానమైతే 0 అని ఇవ్వడం. రాత్రి అలర్ట్‌లు పోతాయి. కానీ చెన్నై లింకు తెగిపోతే ఏమవుతుందో చూడండి. స్టాండ్‌బైకి కొత్తగా ఏమీ రాదు. అప్పటిదాకా వచ్చినదంతా రీప్లే చేసేస్తుంది. అందుకున్నదీ, రీప్లే చేసినదీ సమానం. లాగ్ 0. స్టాండ్‌బై మూడు రోజులు వెనకబడినా గ్రాఫ్ నేలకి అంటుకుని, పచ్చగా ఉంటుంది. తప్పుడు అలర్ట్‌కన్నా ఇది చాలా ప్రమాదం.

అందుకే లాగ్‌ని రెండు వైపుల నుంచీ చూడాలి. ప్రైమరీలో పీజీ_స్టాట్_రెప్లికేషన్ నుంచి బైట్లలో: పీజీ_కరెంట్_వాల్_ఎల్‌ఎస్‌ఎన్‌కీ, రీప్లే_ఎల్‌ఎస్‌ఎన్‌కీ పీజీ_వాల్_ఎల్‌ఎస్‌ఎన్_డిఫ్. రాతలు లేని రాత్రి ఇది సున్నా దగ్గరే ఉంటుంది. అదే వ్యూలో రీప్లే_లాగ్ అనే కాలమ్ ఉంది, బైట్లు కాక సమయం ఇస్తుంది. కానీ స్టాండ్‌బై పూర్తిగా అందుకుని ఖాళీగా ఉన్నప్పుడు అది నల్ అవుతుంది. దాని మీద అలర్ట్ కట్టాలంటే నల్‌ని సున్నాగా మార్చుకోవాలి.

స్టాండ్‌బై తెగిపోతే ఆ వ్యూలో పంక్తే మాయమవుతుంది. పంక్తి లేకపోతే లాగ్ విలువ రాదు, విలువ రాకపోతే ట్రిగర్ (అలర్ట్ ఇచ్చే షరతు) నోరు మెదపదు. కాబట్టి పంక్తుల సంఖ్యని వేరే ఐటమ్‌గా తీసుకుని, 1 కన్నా తగ్గితే అలర్ట్ ఇవ్వండి. స్టాండ్‌బై వైపు పీజీ_స్టాట్_వాల్_రిసీవర్‌లో స్టేటస్ స్ట్రీమింగ్ అని ఉందా అని చూడండి.

సెకన్లలో నమ్మకమైన అంకె కావాలంటే హార్ట్‌బీట్ టేబుల్ ఒక్కటే దారి. ఒకే వరుస ఉన్న టేబుల్, ప్రైమరీలో క్రాన్ నిమిషానికోసారి అందులో క్లాక్_టైమ్‌స్టాంప్ రాస్తుంది, స్టాండ్‌బైలో ప్లగిన్ ఆ సమయాన్ని ఇప్పటితో పోలుస్తుంది. మామూలుగా 0 నుంచి 60 మధ్య ఊగుతుంది కాబట్టి 60 లోపు అలర్ట్ పెట్టకూడదు. ఈ టేబుల్ చదవడానికి పీజీ_మానిటర్ సరిపోదు, సెలెక్ట్ హక్కు విడిగా ఇవ్వాలి.

హార్ట్‌బీట్ పెట్టే ముందు ఆర్కైవ్_టైమౌట్ (ఎంతసేపటికోసారి వాల్ ముక్కని మూసి ఆర్కైవ్‌కి పంపాలన్నది) ఎంతో చూసుకోండి. ఖాళీగా ఉన్న సర్వర్‌లో ఆర్కైవ్ ఊరుకుంటుంది. మీరు నిమిషానికో రాత రాయడం మొదలుపెట్టగానే ప్రతి టైమౌట్‌కీ ఒక 16 ఎంబీ సెగ్మెంట్ మూసి పంపుతుంది. టైమౌట్ 60 సెకన్లయితే రోజుకి 1440 సెగ్మెంట్లు, అంటే సుమారు 22.5 జీబీ. 5 నిమిషాలైతే 4.5 జీబీ.

బెళ్లందూరు_బ్యాకెండ్ | సోమవారం సాయంత్రం 4:05

అక్కా, ఎల్‌ఎస్‌ఎన్ సమానం అన్న షరతు రేపే పెడదామని అనుకుంటున్నాం. ఆగిపోయాం. ఆర్కైవ్_టైమౌట్ 300 ఉంది, 4.5 జీబీ సరిపోతుంది.

ఒక సందేహం. లింకు పగలంతా బాగున్నప్పుడు కూడా హార్ట్‌బీట్ ఒక్కోసారి మైనస్ 2 చూపిస్తోంది.

కోరమంగళ_లినక్స్ | సోమవారం సాయంత్రం 4:20

గడియారాలు. ప్రైమరీ సమయం స్టాండ్‌బై సమయంకన్నా 2 సెకన్లు ముందుంది. రెండు మెషీన్లలో క్రోనీసీ ట్రాకింగ్ అని కొట్టి సిస్టమ్ టైమ్ పంక్తి చూడండి. రెండూ ఒకే మూలం నుంచి సమయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఎలాగూ ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం), ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయ సర్వర్లతో గానీ, వాటికి ముడిపడిన సర్వర్లతో గానీ కలుపుకోవాలి. లాగ్ ఫైళ్లు 180 రోజులు దాచాలన్నదీ అందులోనే ఉంది. పోస్ట్‌గ్రెస్ లాగ్ ఫైళ్లు వారానికోసారి చెరిపేస్తున్నట్టయితే ఆ రొటేషన్ కూడా ఇప్పుడే సరిచూసుకోండి.

అంబత్తూరు_ఇన్‌ఫ్రా | సోమవారం సాయంత్రం 6:48

స్లాట్ ఉందన్నారు, దాని మీద అలర్ట్ ఉందని ఎక్కడా చెప్పలేదు. ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది అదే.

స్లాట్ పని ఏమిటంటే, స్టాండ్‌బై చదవని వాల్‌ని ప్రైమరీ చెరపకుండా ఆపడం. స్టాండ్‌బై రెండు రోజులు లేకపోతే రెండు రోజుల వాల్ వైట్‌ఫీల్డ్ డిస్క్ మీద పేరుకుంటుంది. మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ డీఫాల్ట్ విలువ -1, అంటే హద్దు లేదు. వాల్ ఉన్న డిస్క్ నిండితే పోస్ట్‌గ్రెస్ పానిక్ అయి పడిపోతుంది. చెన్నైలో కరెంటు పోతే బెంగళూరులో ప్రైమరీ ఆగిపోవడం అంటే ఇదే. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి చెన్నైలో కొన్ని ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఇది జరగదులే అనుకుని డిజైన్ చెయ్యకూడదు.

లెక్క మీ అంకెలతో వెయ్యండి. రద్దీ వేళ పీజీ_కరెంట్_వాల్_ఎల్‌ఎస్‌ఎన్‌ని గంట తేడాతో రెండుసార్లు తీసి తేడా చూడండి. ఉదాహరణకి గంటకి 4 జీబీ, వాల్ డిస్క్‌లో ఖాళీ 120 జీబీ అనుకుంటే 30 గంటలు. కీప్ సైజ్ 80 జీబీ పెడితే 20 గంటల దాకా స్టాండ్‌బైకి అవకాశం, ఆ తర్వాత స్లాట్‌ని వదిలేసి ప్రైమరీ బతుకుతుంది. ఈ సెట్టింగ్‌కి రీలోడ్ చాలు.

ప్లగిన్‌లో పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ నుంచి మూడు తీసుకోండి: యాక్టివ్, వాల్_స్టేటస్, సేఫ్_వాల్_సైజ్. వాల్_స్టేటస్ రిజర్వ్‌డ్ లేదా ఎక్స్‌టెండెడ్ అంటే పర్లేదు. అన్‌రిజర్వ్‌డ్ అంటే తర్వాతి చెక్‌పాయింట్‌కి పోవచ్చు, పరుగెత్తాలి. లాస్ట్ అంటే స్లాట్ పోయింది. అప్పుడు ఆర్కైవ్‌లో వాల్ ఉండి, స్టాండ్‌బైలో రిస్టోర్_కమాండ్ రాసి ఉంటే దాన్నుంచి అందుకుంటుంది. లేదంటే పీజీ_బేస్‌బ్యాకప్‌తో మళ్లీ మొదటినుంచి. సేఫ్_వాల్_సైజ్ అనేది ఆ ప్రమాదానికి ముందు ఇంకెన్ని బైట్లు మిగిలాయో చెబుతుంది. కీప్ సైజ్ -1గా ఉన్నంతకాలం అది నల్‌గానే ఉంటుంది కాబట్టి ముందు హద్దు పెట్టాలి.

తాంబరం_నాగియోస్ | సోమవారం రాత్రి 8:15

జాబిక్స్ కాకుండా నాగియోస్ వాడేవాళ్ల కోసం రెండు ముక్కలు. పైన చెప్పిన క్వెరీలన్నీ అక్కడా పనిచేస్తాయి. మీ స్క్రిప్ట్ బయటికొచ్చేటప్పుడు ఇచ్చే కోడే నాగియోస్‌కి భాష: 0 ఓకే, 1 వార్నింగ్, 2 క్రిటికల్, 3 అన్‌నోన్. కనెక్ట్ కాలేకపోయినప్పుడు చాలా స్క్రిప్ట్‌లు ఖాళీ అవుట్‌పుట్‌తో 0 ఇచ్చి వెళ్లిపోతాయి. బాష్‌లో పీఎస్‌క్యూఎల్ ఫలితాన్ని పైప్ చేసినప్పుడు చివరి కమాండ్ కోడే మిగులుతుంది, పీఎస్‌క్యూఎల్ విఫలమైనది కనబడదు. పైప్‌ఫెయిల్ సెట్ చెయ్యండి, ఫలితం ఖాళీగా ఉంటే 3 ఇవ్వండి. ఎన్‌ఆర్‌పీఈ (మెషీన్ మీద ఆ స్క్రిప్ట్‌లు నడిపే నాగియోస్ ఏజెంట్) పోర్టు 5666, దాన్ని నాగియోస్ సర్వర్ చిరునామాకి తప్ప ఇంకెవరికీ తెరవకండి.

హెబ్బాళ_డీబీఏ | మంగళవారం ఉదయం 9:40

కనెక్షన్ల సంగతి మిగిలింది. మ్యాక్స్_కనెక్షన్స్ 200 నిండిపోయిన రోజే మానిటరింగ్ అన్నిటికన్నా అవసరం, సరిగ్గా ఆ రోజే ప్లగిన్‌కి చోటు దొరకదు. సూపర్‌యూజర్‌కి 3 చోట్లు అట్టిపెట్టి ఉంటాయి, ప్లగిన్ సూపర్‌యూజర్ కాదు కదా. పోస్ట్‌గ్రెస్ 16లో దీనికి చక్కటి దారి వచ్చింది. రిజర్వ్‌డ్_కనెక్షన్స్ అనే సెట్టింగ్, డీఫాల్ట్ 0. దాన్ని 5 చేసి, పీజీ_యూజ్_రిజర్వ్‌డ్_కనెక్షన్స్ రోల్‌ని జడ్‌బీఎక్స్_మానిటర్‌కి ఇవ్వు. దీనికి రీస్టార్ట్ కావాలి. పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ కోసం షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్ మార్చడానికీ రీస్టార్టే కావాలి కాబట్టి రెండూ ఒకే మెయింటెనెన్స్‌లో పెట్టుకో. రీస్టార్ట్ తర్వాత క్రియేట్ ఎక్స్‌టెన్షన్ మరిచిపోవద్దు.

ప్లగిన్ ప్రతి డేటాబేస్‌కీ ఒక కనెక్షన్ తెరిచి, కాసేపు అట్టే ఉంచుతుంది. డీఫాల్ట్ కీప్‌అలైవ్ 300 సెకన్లు. నీ దగ్గర డేటాబేస్‌లు ఎన్ని ఉన్నాయో అన్ని కనెక్షన్లు అటు పోతాయి, 5 సరిపోతుందో లేదో చూసుకో.

ఆ రోల్‌కి స్టేట్‌మెంట్_టైమౌట్ కూడా కట్టెయ్యి: ఆల్టర్ రోల్‌తో 2 సెకన్లు. ఏజెంట్ టైమౌట్ డీఫాల్ట్‌గా 3 సెకన్లు, డేటాబేస్ టైమౌట్ దానికన్నా తక్కువ ఉండాలి. వేల టేబుళ్లున్న డేటాబేస్‌లో బ్లోట్ క్వెరీ దీన్ని దాటొచ్చు. అప్పుడు టైమౌట్ పెంచడంకన్నా ఆ ఒక్క ఐటమ్‌ని గంటకోసారికి మార్చి, దానికి విడిగా టైమౌట్ ఇవ్వడం మేలు. బ్లోట్ నిమిషానికోసారి మారే వస్తువు కాదు.

పీజీబౌన్సర్ ముందున్నప్పుడు పోస్ట్‌గ్రెస్ వైపు కనెక్షన్ల గ్రాఫ్ ఎప్పుడూ ప్రశాంతంగానే ఉంటుంది. నొప్పి పూల్ లోపల ఉంటుంది. బౌన్సర్ అడ్మిన్ కన్సోల్‌లో షో పూల్స్ ఇచ్చే సీఎల్_వెయిటింగ్, మ్యాక్స్‌వెయిట్ రెండూ తీసుకో. మ్యాక్స్‌వెయిట్ 1 సెకను దాటి నిలబడితే అప్లికేషన్ వాళ్లు నెమ్మదిగా ఉందని ఫోన్ చేసే లోపే నీకు తెలియాలి.

మడివాళ_ఆన్‌కాల్ | మంగళవారం ఉదయం 11:05

అలర్ట్ హద్దుల గురించి. హార్ట్‌బీట్ లాగ్ ఒక్కసారి 300 సెకన్లు దాటగానే మనిషిని లేపొద్దు. ట్రిగర్‌లో గత 5 నిమిషాల కనిష్ఠ విలువ 300 దాటితే అని రాయండి. అంటే ఆ 5 నిమిషాల్లో వచ్చిన ప్రతి కొలతా 300 పైనే ఉండాలి. రికవరీ ఎక్స్‌ప్రెషన్ విడిగా 120 కింద పెట్టండి. ఒకే అంకె రెండిటికీ పెడితే రాత్రంతా మోగుతూ, ఆగుతూ ఉంటుంది.

అర్ధరాత్రి ఫోన్ మోగాల్సినవి నా లెక్కలో నాలుగే: పింగ్ 0, స్టాండ్‌బై పంక్తి లేకపోవడం, స్లాట్ అన్‌రిజర్వ్‌డ్, వాల్ డిస్క్ 85 శాతం దాటడం. క్యాష్ హిట్ రేషియో (డిస్క్‌కి వెళ్లకుండా మెమరీలోనే దొరికిన డేటా వాటా) మీద అలర్ట్ తీసేయండి. ఒక్క రిపోర్ట్ క్వెరీ నడిస్తే పడిపోతుంది, దాని గురించి రాత్రి 2 గంటలకి ఎవరూ చేయగలిగింది ఉండదు. అది గ్రాఫ్‌లో చాలు.

ట్రాన్సాక్షన్ ఐడీ వయసు తప్పకుండా ఉండాలి, ఫోన్‌కి కాదు, మెయిల్‌కి. ప్రతి డేటాబేస్‌కీ ఏజ్(డాట్‌ఫ్రోజెన్‌ఎక్స్ఐడీ). 20 కోట్ల దగ్గర ఆటోవాక్యూమ్ (పాత వరుసలని శుభ్రం చేసే పని) తనంతట తనే మొదలవుతుంది, కాబట్టి అక్కడ అలర్ట్ పెడితే ఊరికే గోల. 50 కోట్లు దాటిందంటే వాక్యూమ్‌ని ఏదో అడ్డుకుంటోంది: మూయని ట్రాన్సాక్షన్, మరిచిపోయిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్, లేదా పాత ఎక్స్‌మిన్ (దాని తర్వాతి పాత వరుసలని చెరపనివ్వని ట్రాన్సాక్షన్ ఐడీ) పట్టుకున్న స్లాట్. చివరి హద్దు సుమారు 210 కోట్లు, అక్కడికి చాలా ముందే కారణం దొరకాలి.

ఎస్‌ఎంఎస్ పంపేటట్టయితే డీఎల్‌టీలో (టెలికాం ఆపరేటర్ల ఎస్‌ఎంఎస్ రిజిస్ట్రీ) టెంప్లేట్ రిజిస్టర్ చేయించుకోవాలి. రిజిస్టర్ చేసిన వాక్యానికీ, జాబిక్స్ పంపే వాక్యానికీ ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది, మీకేమో పంపినట్టే కనిపిస్తుంది. ట్రిగర్ పేరు మొత్తం ఎస్‌ఎంఎస్‌లో పెట్టకండి. హోస్ట్ పేరు, పొట్టి కోడ్, విలువ, ఈ మూడే వేరియబుల్స్‌గా ఉంచండి.

కోరమంగళ_లినక్స్ | మంగళవారం మధ్యాహ్నం 12:10

మూడో చిక్కు, 17 గురించి. పీజీ_స్టాట్_బీజీరైటర్‌లో ఉండే చెక్‌పాయింట్ కాలమ్‌లని 17లో పీజీ_స్టాట్_చెక్‌పాయింటర్ అనే కొత్త వ్యూలోకి మార్చారు. చెక్‌పాయింట్స్_టైమ్డ్ ఇప్పుడు నమ్_టైమ్డ్, చెక్‌పాయింట్స్_రెక్ ఇప్పుడు నమ్_రిక్వెస్టెడ్. బఫర్స్_బ్యాకెండ్ అక్కడ లేనే లేదు, అది పీజీ_స్టాట్_ఐఓలో చూసుకోవాలి. పాత ప్లగిన్ పాత కాలమ్ పేరు అడుగుతోంది, పోస్ట్‌గ్రెస్ అలాంటిది లేదంటోంది. ఏజెంట్, ప్లగిన్, టెంప్లేట్ మూడిటినీ 7.0 వరుసలోని కొత్త విడుదలకి తీసుకెళ్లండి. ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే టెంప్లేట్ మారదు, దాన్ని విడిగా ఇంపోర్ట్ చెయ్యాలి.

సొంతంగా రాసిన కస్టమ్ క్వెరీలు ఉంటే ఎవరూ సరిచేసి పెట్టరు. ఎస్‌క్యూఎల్ ఫైళ్లలో బీజీరైటర్ అని వెతికి, 16కి ఒకటి, 17కి ఒకటి రెండు ఫైళ్లుగా ఉంచండి. ఒకే క్వెరీలో వెర్షన్ చూసి కేస్‌తో మళ్లిద్దామంటే కుదరదు. లేని కాలమ్ పేరు క్వెరీలో ఉంటే చాలు, పార్సింగ్‌లోనే ఎర్రర్ వస్తుంది, కేస్ దాకా వెళ్లదు.

బెళ్లందూరు_బ్యాకెండ్ | బుధవారం సాయంత్రం 5:30

అన్నీ పెట్టి, నిజంగా మోగుతాయో లేదో పరీక్షించాం. ఫలితాలు ఇక్కడ పెడుతున్నాను.

మొదట స్టాండ్‌బైలో పీజీ_వాల్_రీప్లే_పాజ్. ప్రైమరీ వైపు బైట్ల లాగ్ వెంటనే ఎక్కడం మొదలైంది, హార్ట్‌బీట్ 300 దాటి 5 నిమిషాలు నిలిచాక అలర్ట్ వచ్చింది. రీప్లే_రెజ్యూమ్ ఇచ్చాక అర నిమిషంలో అందుకుంది.

రెండోది, చెన్నై నుంచి వచ్చే 5432ని ఫైర్‌వాల్‌లో డ్రాప్ చేశాం. పంక్తుల సంఖ్య వెంటనే 0 కాలేదు, నిమిషం దాకా 1 గానే ఉంది. ఐటమ్ తప్పేమో అనుకున్నాం.

మూడోది, ఏజెంట్‌నే ఆపేశాం. అరగంటైనా ఏ అలర్టూ రాలేదు.

మల్లేశ్వరం_డేటా | బుధవారం సాయంత్రం 6:02

రెండోది సరిగ్గానే ఉంది. వాల్_సెండర్_టైమౌట్ డీఫాల్ట్ 60 సెకన్లు. ప్యాకెట్లు డ్రాప్ అయినప్పుడు అవతలివాడు పోయాడని ప్రైమరీకి తెలియదు, ఆ 60 సెకన్లు చూసి అప్పుడు వదిలేస్తుంది. డ్రాప్ బదులు స్టాండ్‌బై సర్వీస్ ఆపి చూడండి, పంక్తి వెంటనే పోతుంది. ఆ 60 తగ్గించొద్దు, లింకు కాస్త తడబడినా రెప్లికేషన్ తెగుతూ, అతుక్కుంటూ ఉంటుంది.

మూడోదానికి పీజీఎస్‌క్యూఎల్.పింగ్ ఐటమ్ మీద నోడేటా 5 నిమిషాల ట్రిగర్ రాయండి, తీవ్రత పింగ్ 0తో సమానంగా పెట్టండి. ఏజెంట్ పోతే పింగ్ 0 రాదు, ఏమీ రాదు. మీ ట్రిగర్ 0 కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

బెళ్లందూరు_బ్యాకెండ్ | బుధవారం రాత్రి 7:15

నోడేటా పెట్టి మళ్లీ ఏజెంట్ ఆపాం. 5 నిమిషాలు దాటగానే ఫోన్ మోగింది, ఎస్‌ఎంఎస్ కూడా వచ్చింది. రిజర్వ్‌డ్_కనెక్షన్స్, స్టాట్_స్టేట్‌మెంట్స్ కోసం రీస్టార్ట్ ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకి పెట్టుకున్నాం.